హీరోల గంటలో ఆగిన లిఫ్టు

ప్రతి ఆఫీసులోనూ సోమవారం పొద్దున ఓ గంట పని ఆపేసి, హీరోల గురించి మాట్లాడుకోవాలని చట్టం తేవాలి. నవ్వకండి. నేను సీరియస్‌గానే అంటున్నాను!

మాది లిఫ్టులు రిపేరు చేసే కంపెనీ. నేను కంప్లయింట్ల సెక్షన్‌లో సీనియర్‌ని. అంటే ఫోనెత్తి, "కంగారు పడకండి, మనిషి బయల్దేరాడు" అని చెప్పడం నా ఉద్యోగం. ఆ బయల్దేరే మనిషి మాత్రం ఒక్కడే. మా మెకానిక్కు. పెద్దవాడు కాబట్టి అందరం బాబాయ్ అంటాం.

ఆర్నెల్ల కిందట మా మేనేజర్‌గారు ఏదో ట్రైనింగుకి వెళ్లి, కళ్లలో కొత్త వెలుగుతో తిరిగొచ్చారు. ఆ సోమవారమే 'హీరో అవర్' మొదలైంది. తొమ్మిదింటికల్లా అందరూ మీటింగ్ రూములో ఉండాలి. సెల్‌ఫోన్లు గుమ్మం దగ్గర ప్లాస్టిక్ బుట్టలో వేయాలి. ఆఫీసు ఫోన్ల రిసీవర్లు తీసి పక్కన పెట్టాలి. ఒక్కొక్కరూ లేచి తమ హీరో ఎవరో, ఆయన నుంచి ఏ పాఠం నేర్చుకున్నారో చెప్పాలి. మూడుసార్లు రాకపోతే సస్పెన్షన్!

ఎంత మేలు జరిగిందో చూడండి. మా క్యాషియర్ తన హీరోగా తెల్లవారుజామున నాలుగింటికే లేచే ఓ కోటీశ్వరుణ్ని ఎంచుకున్నాడు. అప్పట్నుంచి తనూ నాలుగింటికే లేస్తున్నాడు. పదకొండింటికి కౌంటర్లో గురక పెడుతున్నాడు. టైపిస్టుగారి హీరో ఓ పర్వతారోహకుడు. ఒకసారి పైకెక్కాక వెనక్కి చూడకూడదన్నది ఆవిడ నేర్చుకున్న పాఠం. మరి ఆయన ఇంటికెలా వెళ్లాడని ఎవరూ అడగలేదు. స్టోరు ఇన్‌చార్జి ఘటికుడు. "నా హీరో మేనేజర్‌గారే" అన్నాడు. మర్నాటికల్లా అతని కుర్చీకి చక్రాలొచ్చాయి. ఇక ఆ నెలంతా మా అందరికీ ఒక్కరే హీరో!

ఇంత వైభవం జరుగుతుంటే బాబాయ్ రెండు సోమవారాలు ఎగ్గొట్టాడు. మొదటిసారి ఓ ఆసుపత్రి లిఫ్టులో రోగి ఇరుక్కున్నాడు, స్ట్రెచర్‌తో సహా. రెండోసారి ఎక్కడో ఓ ముసలావిడ, పిల్లితో సహా. అవీ కారణాలేనా? రెండు మెమోలు వచ్చాయి.

"ఈసారైనా వచ్చి కూర్చో బాబాయ్. నీ హీరో ఎవరో ఒక్క ముక్క చెప్పెయ్" అని బతిమాలాను.

"నాకు హీరోలెవరూ లేర్రా. లోపలున్నవాళ్లకి ఊపిరాడుతోందా లేదా, నేను చూసేది అదొక్కటే."

"రిటైర్మెంటుకి నాలుగు నెలలు కూడా లేవు. ఇప్పుడు సస్పెండైతే పరువు పోతుంది!"

"సర్లే, వస్తా. నస పెట్టకు."

నిజంగానే వచ్చాడు. పోయిన సోమవారం, తొమ్మిదికి ఐదు నిమిషాల ముందు, ఇస్త్రీ చొక్కాతో, ముందు వరసలో. అందరం ఉన్నాం. మేనేజర్‌గారే లేరు. తొమ్మిదీ పదికి గోడ అవతల దబదబమని చప్పుడు. మా బిల్డింగు లిఫ్టే ఆగిపోయింది!

బాబాయ్ లేచాడు. నేను చొక్కా పట్టుకుని లాగాను. "కూర్చో! మూడో మెమో!"

"ఎవరో తలుపు బాదుతున్నారు, వినబడట్లా?" అని విదిలించుకుని పోయాడు.

ఇరవై నిమిషాలకి లిఫ్టు తలుపు తెరుచుకుంది. చెమటతో తడిసి ముద్దయిన మేనేజర్‌గారు బయటికొచ్చారు. "తలుపుని పట్టుకునే లాకు అరిగిపోయింది సార్, రేపొచ్చి మారుస్తా" అన్నాడు బాబాయ్. మేనేజర్‌గారు తిన్నగా మీటింగ్ రూముకొచ్చి హాజరు పట్టీ అందుకున్నారు. తన పేరు ఎదురుగా 'డ్యూటీలో' అని రాసుకున్నారు. బాబాయ్ పేరు ఎదురుగా 'గైర్హాజరు' అని రాశారు.

"నేనొచ్చాను కద్సార్! మీకోసమే లేచా."

"రూలు రూలే బాబాయ్. పెద్దవారు, మీరే ఇలా చేస్తే ఎలా?"

బాబాయ్ టూల్‌బ్యాగు నా టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయాడు. తర్వాత మేనేజర్‌గారు లిఫ్టులో తాను నేర్చుకున్న సహనం గురించి నలభై నిమిషాలు మాట్లాడారు. అందరం చప్పట్లు కొట్టాం. అందరికన్నా గట్టిగా కొట్టింది నేనే. ఆ సంగతి ఎవరికీ చెప్పకండి.

ఈ సోమవారం నా వంతు. తొమ్మిదయింది. మేనేజర్‌గారు లేరు. గోడ అవతల మళ్లీ దబదబ. ఈసారి గొంతు కూడా గుర్తుపట్టాం.

"బాబాయ్‌కి ఫోన్ చేద్దామా?" అంది టైపిస్టు.

"ఫోన్లు బుట్టలో ఉన్నాయి. పైగా సస్పెండైన మనిషి లిఫ్టు ముట్టుకోకూడదు. ఆర్డరు మీద సంతకం ఎవరిదో తెలుసుగా?" అన్నాను.

కంగారు పడకండి. లిఫ్టు సందులో కన్నుపెట్టి చూసే వచ్చాను. లోపల ఫ్యాను తిరుగుతోంది, ఊపిరికి లోటు లేదు. నా హీరో నాకు నేర్పిన పాఠం అదొక్కటే మరి.

ఇక లేచి నిలబడి మా బాబాయ్ గురించి మొదలుపెట్టాను. సరిగ్గా గంటసేపు మాట్లాడాను. మా ఆఫీసు చరిత్రలో గోడ అవతలి నుంచి కూడా చప్పట్లు వినిపించిన ప్రసంగం అదొక్కటే!