అడవికంతటికీ ఒకటే గరిటె

ఒక పెద్ద అడవిలో (ఈ కొసన పుంజు కూస్తే ఆ కొసన మర్నాటికి గాని తెల్లవారదు, అంత పెద్దది!) సింహంగారు ఒట్టేసుకుని వేట మానేశారు. ఎలుగక్క వండే గుమ్మడికాయ పులుసు రుచి అలాంటిది. ఆ ఘుమఘుమకి కొండలు కూడా రెండడుగులు దగ్గరికి జరిగేవి. ఒకటే షరతు: పొద్దు వాలేలోగా పులుసు విస్తట్లో పడాలి. పడకపోతే ఒట్టు తీసి గట్టున పెట్టి, ఎదురుగా ఎవరుంటే వాళ్ళని తినేస్తారు.

అలాంటి అడవిలో గరిటె విరిగింది.

మిగిలిన మొండిముక్కతో ఎలుగక్క ఎలాగో నెట్టుకొస్తోంది. కొత్తది చేసే భారం గిజిగాడి మీద పడింది. పడడమేమిటి, తనే మీదేసుకున్నాడు.

"నా గూడు చూశారా? మొన్నటి తుఫానుకి చెట్టు కూలిపోయింది, గూడు మాత్రం గాల్లోనే నిలబడింది!" అని రెక్కలు చరిచాడు.

"నీకు ఏ లోటూ రానివ్వం," అంది సభాపతి ఏనుగు. "ఎంత సామానంటే అంత. ఎన్నాళ్ళంటే అన్నాళ్ళు. అందరికీ నచ్చితే చాలు."

గిజిగాడి గుండె పొంగింది. ఇన్నాళ్ళూ ముక్కు ఒకటి, గడ్డిపరక ఒకటి, అంతేగా తన ఆస్తి!

"తొట్టంత ఉండాలి. నాకు గుక్కెడంటే అంత," అంది ఏనుగు.

"వేడికి చెయ్యి కాలుతోందిరా అబ్బాయ్, కాడ నాలుగు బారలు పెంచు," అంది ఎలుగక్క.

"కాడకి ఓ ఊయల కట్టు బాబాయ్, వడ్డించేటప్పుడు ఊసుపోదు," అంది కోతి.

నక్క గొంతు తగ్గించింది. "మూత పెట్టు నాయనా. ఎవరికెంత పడుతోందో పక్కవాడికి తెలియడం అడవికి మంచిది కాదు."

గిజిగాడు ఎవరి మాటా కాదనలేదు. కాదనాల్సిన అవసరం ఏముంది గనక?

ప్రారంభోత్సవం నాడు పాత మొండిని మేళతాళాలతో పొయ్యిలో వేశారు. కొత్త గరిటెని నలభై దున్నలు మోసుకొచ్చాయి. నలభై అంటే తగ్గించి చెప్పినట్టే!

గరిటె కుండలోకి దిగలేదు.

అడ్డంగా తిప్పారు, నిలువుగా తిప్పారు. పొదిగే పెట్టలా గరిటె కుండ మీద కూర్చుంది. కుండ వంచుదామా అంటే అది పొయ్యికి మట్టితో మెత్తేసినది. అడుగున పులుసు మాడుతోంది.

పొద్దు కొండ అంచు తాకింది. సింహంగారు లేచారు.

"ఎదురుగా ఎవరయ్యా ఉన్నది?"

ముందు వరసలో సభ సభ్యులందరూ దండలేసుకుని ఉన్నారు. నక్క గిజిగాడిని మెల్లగా ముందుకి నెట్టింది.

సింహంగారు ఆవలించారు. ఆ నోట్లో గిజిగాడికి ఏడు తరాల పెద్దలూ కనిపించారు.

ఇక ఆలోచనకి వేళ లేదు. అందినవి మూడు: కొబ్బరిచిప్ప, చీలిన వెదురుపుల్ల, తన మెడలోని దండ తాడు. చీలికలో చిప్ప అంచు ఇరికించి, గూటికి వేసే ముడి ఒకటి బిగించాడు. ఆవలింత మూతపడేలోగా ఎలుగక్క ముంచింది, పోసింది. విస్తట్లో పులుసు!

సింహంగారు జుర్రేసి గురక పెట్టారు. అడవంతా ఊపిరి పీల్చుకుంది.

"ఆహా, ఏం గరిటె!" అంది ఏనుగు. "ఇంకాస్త పెద్దదైతేనా..."

"ఓ చిన్న ఊయల..." అంది కోతి.

"మూత మాటేమిటి నాయనా?" అంది నక్క.

గిజిగాడు వాళ్ళని చూశాడు. నిద్రపోతున్న సింహాన్ని చూశాడు. ఎగిరి వెళ్ళి, మీసం పట్టుకుని గట్టిగా లాగాడు.

నీతి: పనిముట్టు కుదరాలంటే పనివాడికి అడిగినవన్నీ ఇవ్వకండి, ఎదురుగా ఓ సింహాన్ని కూర్చోబెట్టండి.