దర్జీ నఖక్షత విజయము

సూర్యుడు నడినెత్తికెక్కి, వీధిలోని నీడలన్నియు గోడల క్రిందికి దూరి తలదాచుకొన్న వేళ, జనసమ్మర్దభరితమగు నొక బజారునందు, కుట్టుమిషను ఘోషకు దిక్కులు పిక్కటిల్లు ఇరుకుగదిలో, సహస్రరవికాసృష్టికర్తయు, కర్తరీధరుడును, చెప్పిన తేదీకి ఏనాడును బట్టలీయని అఖండదీక్షాపరుడును అగు దర్జీ, ఒక అర్జెంటు రవిక కొరకై బట్టలగుట్టలో చేయి పెట్టెను. ఆ గుట్టలో ఒక వీధిపిల్లి నిద్రించుచుండెను.

అది ఎవ్వరి పిల్లియు కాదు, ఎవ్వరి మాటయు వినదు. నిద్రాభంగరోషారుణనేత్రయై లేచి, దర్జీ ముంజేతిపై మూడు గీతలు గీచి, కిటికీగుండా అంతర్ధానమయ్యెను. కావ్యములలో నఖక్షతములకు నాయికలు సిగ్గుపడుదురు. ఇచట నాయకుడు కుర్చీ ఎక్కెను.

నెత్తురు చిమ్మెను. ఆ వీరునకు గాయమన్న భయము లేదు, ఇంజక్షనన్న భయము. దినమెల్ల సూదులతో కాపురము చేయు ఆ మహనీయునకు, తన ఒంటిలో దిగు సూది యన్నచో పైప్రాణములు పైననే పోవును. కావున చొక్కాచేయి దించి, గుండీ బిగించి, ఏమియు ఎరుగనట్లు భోజనమునకు ఇల్లు చేరెను. చేయి కడుగుకొనుటకు గుండీ విప్పక తప్పలేదు. భార్య చూచెను.

"ఏంటది?"

"సూది గీరుకుంది."

"ఒక్క సూది మూడు గీతలు గీసిందా? కొలత పెట్టినట్టు పక్కపక్కనే? ఆడవాళ్ళ రవికలు కుట్టే చెయ్యి అది. నిజం చెప్పండి, ఎవరు గీరారు?"

ముందు నుయ్యి, వెనుక గొయ్యి! పిల్లి యన్నచో ఇంజక్షను తప్పదు. మనిషి యన్నచో ఇంజక్షను తప్పును గాని, ఆ పిమ్మట జరుగబోవు దానికి లోకమున ఏ టీకాయు లేదు. నిజము చెప్పవలెనన్న, ఆ వీరుడు క్షణకాలము రెంటిని తూచి చూచెను. పిదప చేయి పైకెత్తి, గంభీరస్వనమున ఇట్లనెను:

"గృహసామ్రాజ్ఞీ, ఆలకింపుము! పరకాంతానఖము నన్ను తాకియున్నచో నా కత్తెర తుప్పు పట్టుగాక! నా మిషను దారము జన్మజన్మలకు తెగుచుండుగాక! నన్ను గీచినది చతుష్పాదము! సపుచ్ఛము! దానికి మీసములును కలవు!"

"పిల్లా?" ఆమె మొగమున ఊరట పొడసూపెను, వెనువెంటనే భయము కమ్మెను. "వీధిపిల్లి గీరితే దాచుకుని భోజనానికి కూర్చుంటారా? బుద్ధుందా? లేవండి!"

కుళాయి క్రింద సబ్బునురుగు పొంగెను. పావుగంట సేపు నీటిధార ఆగలేదు. అంతలో దర్జీ తల్లి పసుపుడబ్బాతో రంగప్రవేశము చేసెను.

"ఇంత పెట్టవే, అదే మానిపోతుంది."

"వద్దత్తయ్యా, ఏమీ పూయకూడదు, కట్టూ కట్టకూడదు. కడిగాక నేరుగా డాక్టరు దగ్గరికే."

"అది ఆరోగ్యంగానే ఉందే, మొహం కళకళలాడుతోంది," అని దర్జీ పిల్లి పక్షము వహించెను.

"పెళ్ళిచూపులకెళ్ళారా మొహం చూడ్డానికి? రేబీస్ జబ్బు బయటపడితే ఇక మందుండదు. నాకు మీరు కావాలండీ," అని ఆమె కన్నీరు పెట్టుకొనెను. నోట గుండుసూదులు లేకుండ దర్జీ మౌనము దాల్చుట అదియే ప్రథమము. చెప్పులు తొడిగి వెంట నడచెను.

ఆసుపత్రిలో నర్సు సిరంజి నింపుచుండగా, వీరుడు తుది పలుకు పలికెను: "సూచీధారిణీ! మనమిరువురము సూదిని నమ్ముకొన్న ఏకవృత్తిజీవులము! తోటివానిపై దయ యుంచుము!"

"చెయ్యి వదులుగా పెట్టన్నా."

వెంటనే "అమ్మో!" యను ఆర్తనాదము వరండా దద్దరిల్లజేసెను. ఏడ్చుచున్న పసిబిడ్డ యొకతె ఏడుపు మాని అబ్బురముగ చూచెను.

"అన్నా, ఇంకా పొడవలేదు. దూదితో తుడిచానంతే."

సిగ్గుతో ఆతడు తల వంచుకొన్నంతలో సూది దిగెను, వెలికి వచ్చెను.

"అయిపోయింది. మూడు రోజుల తర్వాత ఇంకోటి."

"అయిపోయిందా?" అని దర్జీ నమ్మలేక భార్యను చూచెను. ఆమె చీరచెంగుతో కళ్ళు తుడుచుకొనుచు, వరండాలోని వారందరికి వినబడునట్లు, "నేను చూశాను, అరవలేదు," అని సాక్ష్యము పలికెను.

జనులారా, వినుడు! దూదికి అరచినాడు గాని, సూదికి అరవలేదు!