వెనక గదిలో పెట్టె

ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ అల్లుడు ఆ రోజు పని ప్రకటించాడు.

"పెట్టెను వెనక గదిలో పెడతాను. ఇంటి నెట్‌కి కలుపుతాను. ల్యాప్‌టాప్‌లో ఉన్న ఫొటోలు, వీడియోలు అన్నీ అందులోకి ఎక్కిస్తాను. సాయంత్రానికల్లా టీవీలో చూసుకోవచ్చు. ఇంతే, పెద్ద పనేం కాదు."

"నాన్న వీడియో జాగ్రత్త," అంది భార్య.

"దాని కోసమే కదా ఇదంతా."

పెట్టె రొట్టెల డబ్బా అంత ఉంది. లోపల రెండు డిస్కులు. ఒకటి చెడిపోయినా రెండోదాంట్లో అన్నీ ఉంటాయి. మావగారు కిందటేడు పోయారు. ఇంట్లో ఫొటోలన్నీ ఆయనే తీసేవారు కాబట్టి పెళ్లి ఫొటోల్లో తప్ప ఆయన ఎక్కడా లేరు. ఆయన గొంతు వినిపించే వీడియో ఒక్కటే ఉంది. అది పాత ల్యాప్‌టాప్‌లో ఉంది. ఆ ల్యాప్‌టాప్ ఈమధ్య ఆన్ అయ్యే ముందు కాసేపు ఆలోచించుకుంటోంది. అత్తగారు ఆ వీడియో ఇంతవరకు చూడలేదు. ఆయన్ని పలకంత తెరమీద చూడనని, టీవీలో పెడితే చూస్తానని అన్నారు.

అల్లుడిది బీమా కంపెనీలో నష్టాలు అంచనా వేసే ఉద్యోగం. కాలిన గోదాములు, సొట్టపడ్డ కార్లు చూసి కారణం తేల్చాలి. కారణం చిన్నదని చెప్పేవాళ్లను అతను నమ్మడు.

వెనక గదికి కిటికీ లేదు. అతను లైటు వేసి, పెట్టెను ప్లగ్గులో పెట్టి, తీగ కలిపి, కాపీ మొదలుపెట్టాడు. తెరమీద ఆకుపచ్చ గీత బయల్దేరింది. నిలబడి చూశాడు. కూర్చుని చూశాడు. గీత అతని కోసం తొందరపడలేదు. లైటాపి స్నానానికి వెళ్లాడు.

తిరిగొచ్చి లైటు వేసేసరికి తెరమీద ఒక వాక్యం ఉంది. కనెక్షన్ తెగింది.

"వెనక గదిలోకి ఎవరొచ్చారు?" అని హాల్లోకి వచ్చి అడిగాడు.

"ఎవరూ రాలేదు," అన్నారు అత్తగారు బీన్స్ తరుగుతూ. "నేనిక్కడే కూర్చున్నాను. మీరే వస్తున్నారు, మీరే పోతున్నారు."

తీగ మార్చాడు. పెట్టెలోకి ఎక్కినవన్నీ తుడిచేసి మొదటినుంచి ఎక్కించడం మొదలుపెట్టాడు. గోళ్లు కొరికాడు. నీళ్లు తాగడానికి వెళ్లొచ్చాడు. కనెక్షన్ తెగింది.

తీగది కాదంటే తప్పు హాల్లో ఉన్న రౌటర్‌దని తేల్చాడు. దాన్ని పీకి, దుమ్ము ఊది, గోడకి ఆ చివర పెట్టాడు.

అదే సమయంలో పడగ్గదిలో అతని భార్య పనిలో ఉంది. ఆమె ఫిజియోథెరపిస్టు. ఆదివారాలు వీడియో కాల్లో వ్యాయామాలు చేయిస్తుంది. ఒక పెద్దమనిషి చేత కుడికాలు ఎత్తించి, "నేను చెప్పేదాకా దించకండి," అంది. ఆ మాట దగ్గర ఆయన బొమ్మ ఆగిపోయింది. కాసేపటికి ఆమె ఫోన్ మోగింది.

"మేడమ్, దించమంటారా?"

"ఇంకా దించలేదాండీ?"

"మీరు చెప్పలేదు కదా."

ఆమె హాల్లోకి వచ్చింది. మొగుడు రౌటర్ పట్టుకుని గోడ వెంట నడుస్తున్నాడు.

"ఏం చేస్తున్నావ్?"

"దర్యాప్తు."

"ఆయన తొడ పట్టేసింది. దానికి కూడా రాస్తావా రిపోర్టు? తమ్ముడికి ఫోన్ చెయ్యి. వాడు చేసే పనే ఇది."

బావమరిది కంప్యూటర్ల కంపెనీలో పని చేస్తాడు. ఫోన్లో నములుతూ మాట్లాడాడు. "మాటిమాటికీ తెగుతోందంటే ఉత్త కాపీ పెట్టకు బావా. రెండు చోట్లా ఒకేలా ఉంచమని ఒక ఆప్షన్ ఉంటుంది. అది పెడితే మధ్యలో తెగినా మళ్లీ అక్కడినుంచే అందుకుంటుంది. అడిగినవన్నీ చదివి నొక్కు."

అల్లుడు పెట్టెను ఇంకోసారి తుడిచేసి, ఆ ఆప్షన్ నొక్కాడు. ఏది అసలు, ఏది నకలు అని తెర అడిగింది. అతను ఆలోచించాడు. ల్యాప్‌టాప్ ఎలాగూ నేడో రేపో పోయేదే. ఇకనుంచి అసలు అనేది పెట్టెలోనే ఉండాలి. పెట్టె అసలు అని నొక్కాడు.

పెట్టె ఖాళీగా ఉంది. ల్యాప్‌టాప్ కూడా దానిలాగే ఉండటానికి పని మొదలుపెట్టింది.

ముందు అతను ఆఫీసు కోసం ఫొటో తీసిన కార్ల సొట్టలు మాయమయ్యాయి. తర్వాత అతను గిటారు నేర్చుకున్నప్పటి వీడియోలు. తర్వాత పెళ్లి. ఆపమని నొక్కాడు. ల్యాప్‌టాప్ ఆలోచించుకుంటోంది. మళ్లీ నొక్కాడు. పేర్లు ఒక్కొక్కటే పోతున్నాయి. అతను లేచి హాల్లోకి పరిగెత్తాడు.

"పోతున్నాయి," అన్నాడు.

"ఏం పోతున్నాయి?"

"అన్నీ."

అత్తగారు కత్తి కింద పెట్టారు. ముగ్గురూ వెనక గదికి వెళ్లారు. అతను లైటు వేశాడు.

కనెక్షన్ తెగింది, అని ఉంది తెరమీద.

పొద్దుటినుంచి తిట్టుకున్న వాక్యాన్ని అతను ఇప్పుడు రెండుసార్లు చదువుకుని నేలమీద కూర్చున్నాడు. భార్య తెరమీదికి వంగింది. ఒక్క ఫోల్డరు మిగిలింది. దాని పేరు నాన్న.

అప్పుడు పెట్టె మీద దీపాలు మినుకుమనడం మొదలెట్టాయి. అక్కడినుంచే అందుకుంటుంది అన్న బావమరిది మాట అల్లుడికి గుర్తొచ్చింది. "అమ్మో, మళ్లీ మొదలవుతోంది," అంటూ లేవబోయాడు.

అత్తగారు చెయ్యి చాపి లైటు ఆపేశారు. పెట్టె దీపాలు కూడా ఆరిపోయాయి.

"ఈ గదికి ఒకటే స్విచ్చు," అన్నారామె చీకట్లోంచి. "లైటు, ప్లగ్గు అన్నీ దాని కిందే. బయటికొచ్చేవాళ్లు ఏదీ వదిలేసి రాకూడదని ఆయనే అలా పెట్టించారు."

"మరి పొద్దుటినుంచీ ఆపిందెవరు?" అన్నాడు అల్లుడు.

"మీరే. బయటికొచ్చినప్పుడల్లా ఆపేసే వస్తున్నారు. ఇప్పుడు పరిగెత్తుకొచ్చినప్పుడు కూడా."

"చూస్తూ కూడా చెప్పలేదేంటి అత్తయ్యా?"

"మీరు ఎవరొచ్చారని అడిగారు. ఎవరు ఆపారని అడగలేదు. పైగా ఆయన బతికున్నన్నాళ్లూ మీకు చెప్పలేక విసిగిపోయారు. ఇన్నాళ్లకి అలవాటైందని నాకు సంతోషమేసింది."

భార్య చీకట్లో నవ్వింది. తర్వాత ముక్కు చీదింది.

మధ్యాహ్నం బావమరిది ఫోన్లో ఉండి ఒక్కో ప్రశ్నా చదివించుకుని నొక్కించాడు. మావగారి వీడియో, ఆయన తీసిన ఫొటోలు పెట్టెలోకి చేరాయి. పెళ్లి ఫొటోలకి బావమరిది దగ్గర ఇంకో ప్రతి ఉంది. కార్ల సొట్టలు ఆఫీసులో ఉన్నాయి. గిటారు వీడియోల సంగతి ఎవరూ అడగలేదు. అల్లుడు స్విచ్చు మీద టేపు అతికించి, ఆపవద్దు అని రాశాడు.

సాయంత్రం అత్తగారు చీర మార్చుకుని టీవీ ముందు కూర్చున్నారు. వీడియో పెట్టెలోంచి టీవీలోకి వచ్చింది. మావగారు ఇదే హాల్లో, ఇదే కుర్చీలో ఉన్నారు. ఫోన్ పట్టుకున్న కూతురు ఏదైనా మాట్లాడమంటోంది.

"ఏం మాట్లాడను?" అన్నారాయన. అత్తగారు ముందుకి జరిగారు. "కొత్త ఫోన్ బానే ఉందమ్మా. మీ అమ్మని కూడా పిలు, ఇద్దరం కలిసి..." అని ఆగి, పక్కకి చూశారు. "వెనక గదిలో లైటెవరు వేశారు? ఎవరూ లేరుగా అక్కడ. వెళ్లి ఆపేసి రండి."

అల్లుడు కుర్చీలోంచి లేచాడు. వెనక గది దాకా వెళ్లి, టేపు పీకి, స్విచ్చు నొక్కాడు.

కనెక్షన్ తెగిందని టీవీ చెప్పింది.