హాలొరన్ గారికో కుర్చీ వేయండి

రెసిడెంట్ల భోజనాల బల్ల దగ్గర అడ్మినిస్ట్రేటర్లు కూర్చోవాల్సిందే! కూర్చోకూడదంటూ సంతకాలు సేకరిస్తున్న నా తోటి డాక్టర్లకు బుద్ధి లేదు. ఈ మాట ఎవరికో భయపడి అనడం లేదు. మూడేళ్ళుగా ఈ ఆస్పత్రిలో తింటూ, అంటే తినాల్సిన వేళకు ఇక్కడే ఉంటూ, బాగా ఆలోచించి అంటున్నాను.

సంగతి తెలియని వారికి రెండు ముక్కల్లో చెబుతాను. మేం వైద్యం చదువు ముగించి ఆస్పత్రిలో పని నేర్చుకుంటున్న డాక్టర్లం. మమ్మల్నే రెసిడెంట్లంటారు. ఏటా నవంబరు మొదలుకొని, పక్కనున్న ఈరీ సరస్సు మీంచి మంచు వచ్చి మా ఊరి మీద పడే రోజుల్లో, మరుసటి ఏడాది చేరాలనుకునే అభ్యర్థులు ఇంటర్వ్యూలకు వస్తారు. పొద్దున్నంతా పెద్ద డాక్టర్లు వాళ్ళను అడుగుతారు. మధ్యాహ్నం భోజనం దగ్గర ఒక గంటసేపు వాళ్ళు మమ్మల్ని అడగాలి. ఇక్కడ బతుకెలా ఉంటుంది, నిద్రపోనిస్తారా, తిననిస్తారా అని. ఆ తర్వాత తమకు నచ్చిన ఆస్పత్రుల జాబితా వరసగా రాసి పంపుకుంటారు. మార్చిలో కంప్యూటర్ ఎవరిని ఎక్కడ పడేస్తే మూడేళ్ళు అక్కడే.

ఆ ఒక్క గంటలోకి కూడా మా విద్యా విభాగం అడ్మినిస్ట్రేటర్ వెర్నన్ హాలొరన్ గారు వచ్చి కూర్చుంటున్నారని మా వాళ్ళ గోల. కూర్చుంటే ఏం పోయింది?

ముందు తిండి సంగతే చూడండి. ఆయన రాని రోజుల్లో ఏముండేది? చల్లారిన పిజ్జా, అదీ అంచులు. ఇప్పుడో? బల్ల మీద తెల్లని గుడ్డ, లోపల మాంసం కూరి కాల్చిన, పొగలు కక్కే పెప్పరోనీ బాల్స్, టర్కీ సాండ్‌విచ్‌లు, మూడు రకాల సలాడ్లు! ఒక అడ్మినిస్ట్రేటర్ వచ్చి కూర్చుంటే చాలు, నిమ్మకాయ ముక్కలతో సహా అన్నీ వచ్చేస్తాయి. ఇంతకన్నా ఏం కావాలండీ?

ఇక మా భాష! అది ఎంత మెరుగుపడిందో చెప్పలేను. నా స్నేహితుడు టోబిన్ ఉన్నాడు. డ్యూటీ చార్టు చూడగానే వాడి నోట్లోంచి వచ్చే మాటలు ఇక్కడ రాయలేను. అలాంటివాడు పోయిన వారం ఓ అభ్యర్థి ముందు చేతులు కట్టుకుని, "మా షెడ్యూలులో మంచి వైవిధ్యం ఉంటుందండీ" అన్నాడు. వరసగా పన్నెండు రోజులు పని చేయడాన్ని "రోగులతో అనుబంధం పెంచుకునే అవకాశం" అన్నాడు. నేను బల్ల కింద వాడి కాలు తొక్కాను.

"ఏంటే ఇడా, తప్పేమన్నా అన్నానా?" అని గొణిగాడు.

"లేదురా, ఇంత చక్కని భాష నీకెప్పుడొచ్చిందా అని."

"ఆయన సాండ్‌విచ్ తీసుకుంటున్నప్పుడు వచ్చింది."

అభ్యర్థులకు కూడా ఎంత మేలో చూడండి. ఏం అడగాలా అని పాపం వాళ్ళు బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. హాలొరన్ గారు చిరునవ్వుతో అటు చూడగానే అందరూ పార్కింగ్ గురించే అడుగుతారు. ఈ మూడేళ్ళలో పార్కింగ్ మీద నేను ఇచ్చిన జవాబులు కలిపితే పెద్ద గ్రంథమవుతుంది. మంచు పడ్డ రోజు ఏ అంతస్తులో ఖాళీ ఉంటుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

పార్కింగ్ గురించి అడగని మనిషిని ఒక్కర్తినే చూశాను. పోయిన ఏడాది వచ్చింది. పేరు మారిబెత్ స్ట్రోమ్. సన్నగా, నెమ్మదిగా ఉండే పిల్ల. నా ఎదురుగా కూర్చుంది. పళ్ళెం ముందుకు లాక్కుంటున్నప్పుడు చొక్కా చేతి కింద, భుజానికి కాస్త దిగువన గుండ్రంగా ఏదో ఉబ్బెత్తుగా కనబడింది. నేను డాక్టర్ని కదా, అది రక్తంలో చక్కెర చూసే మీటరని ఎవరూ చెప్పక్కర్లేదు. చిన్నప్పటి నుంచీ ఇన్సులిన్ మీద బతికే మనుషులు పెట్టుకుంటారు. వాళ్ళు వేళకు తినకపోతే పడిపోతారు.

ఆమె ఫోర్కు పట్టుకుని, ఏదో మాటవరసకన్నట్టు అడిగింది. "ఇక్కడ రోజూ ఈ వేళకు భోజనం చేయడానికి కుదురుతుందా?"

"రోజూ!" అన్నారు హాలొరన్ గారు, మేం నోరు తెరవకముందే. "పన్నెండు నుంచి ఒంటిగంట దాకా. ఆ గంట జోలికి ఎవ్వరూ రారమ్మా."

ఆమె ఆయనకు థ్యాంక్స్ చెప్పి, మెల్లగా నావైపు తిరిగింది. చక్కెర జబ్బుందని అడ్మినిస్ట్రేటర్ ముందు ఎలా చెబుతుంది? ఉద్యోగం కావాలి కదా. అందుకే కళ్ళతో అడిగింది. నా నోటినిండా టర్కీ సాండ్‌విచ్. నోట్లో తిండి పెట్టుకుని మాట్లాడకూడదని మా అమ్మ నేర్పింది. కాబట్టి మాట్లాడలేదు.

అవునన్నట్టు తల ఊపాను.

మార్చిలో ఫలితాలొచ్చాయి. మారిబెత్ తన జాబితాలో మా ఆస్పత్రిని అందరికన్నా పైన రాసుకుందట.

జూలైలో చేరింది. రెండో వారంలో, మధ్యాహ్నం రెండున్నరప్పుడు సెలైన్ కోసం నాలుగో అంతస్తులో సామాన్ల గదికి వెళ్ళాను. ఆమె అట్టపెట్టె మీద కూర్చుని స్ట్రాతో ఆపిల్ జ్యూస్ తాగుతోంది. మధ్యమధ్య నుదుటి చెమట తుడుచుకుంటోంది. జేబులో పేజర్ మోగుతూనే ఉంది.

"ఏమైంది?" అన్నాను. తెలిసీ అడిగాను.

"షుగర్ పడిపోయింది. పది నిమిషాల్లో సర్దుకుంటుంది." జ్యూస్ అంతా పీల్చి, నా మొహంలోకి చూసి నవ్వింది. "ఆ రోజు టర్కీ సాండ్‌విచ్ అంత బావుందా డాక్టర్ ఇడా? తల తెగ ఊపారు."

తిట్టినా బావుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

సరే, ఇదంతా పాత కథ. నేను చెప్పొచ్చేది అడ్మినిస్ట్రేటర్ల రాక వల్ల కలిగే లాభాల గురించి. మొన్న గురువారం నాటి భోజనంతో నా వాదన పూర్తిగా రుజువైంది.

బల్లకు ఈసారి మారిబెత్ మావైపు కూర్చుంది. ఎదురుగా అయోవా నుంచి వచ్చిన ఎల్డన్ అనే పొడుగాటి కుర్రాడు. పార్కింగ్ గురించి అడిగి, జవాబు రాసుకుని, ఉన్నట్టుండి అన్నాడు. "మరి మధ్యాహ్నం భోజనానికి రోజూ టైము దొరుకుతుందాండీ?"

"రోజూ!" అన్నారు హాలొరన్ గారు. "పన్నెండు నుంచి ఒంటిగంట దాకా. ఆ గంట జోలికి..."

మారిబెత్ ఫోన్ కీచుమంది. చక్కెర తగ్గుతోందని చేతి మీది మీటరు ఫోన్లో పెట్టే గోల. ఆమె కంగారు పడలేదు. ముందు ఓ ముక్క కొరికి, నమిలి, మింగింది. ఆ తర్వాత అంది.

"సారీ సర్. నాకు చక్కెర జబ్బు. వేళకు తినకపోతే పడిపోతాను. మీరొచ్చారు కాబట్టి ఇవాళ తింటున్నాను. రోజూ అన్నారు కదా, మరి నిన్న ఎన్నింటికి తిన్నానో చెప్పండి. నాకు గుర్తు రావడం లేదు."

టోబిన్ తల వంచుకుని సలాడ్‌లో టమాటాలు లెక్కపెట్టుకుంటున్నాడు. హాలొరన్ గారు అప్పుడే ఒక పెప్పరోనీ బాల్ మొత్తంగా నోట్లో వేసుకున్నారు. నమిలారు. చాలాసేపు నమిలారు. ఆయన అవస్థ నాకు తెలుసు, నేనూ అలాగే నమిలినదాన్నే. చివరికి మింగి, ఎవరైనా ఆదుకుంటారేమోనని నావైపు చూశారు.

ఈసారి నా నోట్లో ఏమీ లేదు.

"నిన్న తినలేదు సర్" అన్నాను. "నేను చూశాను."

ఆయన నీళ్ళు తాగారు. "మొన్న?" అని అడిగారు, గొంతు తగ్గించి.

"మొన్న నాలుగున్నరకు. బిస్కెట్లు. నిలబడి."

ఎల్డన్ అది కూడా రాసుకున్నాడు.

ఇప్పుడు చెప్పండి. హాలొరన్ గారు లేకపోతే ఏమయ్యేది? మేం అంతా కలిసి ఎల్డన్ చెవిలో నిజం ఊదేవాళ్ళం. అతను దణ్ణం పెట్టి ఇంకో ఊరు వెతుక్కునేవాడు. మారిబెత్ మాత్రం ఇక్కడే ఉండేది, ఆ అట్టపెట్టె మీద. వినాల్సిన మనిషిని బయటికి పంపి, పారిపోగలిగిన వాడికి చెప్పుకుంటే మాకేం ఒరుగుతుంది? అందుకే ఆ కాగితం మీద నేను సంతకం పెట్టను గాక పెట్టను!

ఒక్కటే మనవి. ఇంటర్వ్యూలు జనవరితో అయిపోతాయి. అంతటితో మానేయకండి హాలొరన్ గారూ. ఫిబ్రవరిలో కూడా భోజనానికి రండి, అభ్యర్థులెవరూ లేని రోజు చూసుకుని. సరిగ్గా పన్నెండింటికి, నాలుగో అంతస్తుకు. వచ్చేటప్పుడు కుర్చీ మాత్రం మీరే తెచ్చుకోండి. అక్కడ మాకే లేవు.