ఎంగిలి ముత్యాలు

శ్రీరామనవమికి ముందురోజు కలకత్తాలో బంద్. ట్రాములు లేవు, బస్సులు లేవు, భవానీపూర్ సందుల్లో చేపల బుట్టలు సైతం కనబడలేదు. ఇటువంటి రోజు జానకిరామ్ గారికి పండుగతో సమానం. స్నానసంధ్యలు ముగించుకుని, పట్టుపంచె కట్టుకుని, ఆయన ఆనాటికి రెండు పనులు నిర్ణయించుకున్నారు. మొదటిది, భద్రాచలం నుంచి వచ్చిన ముత్యాల తలంబ్రాలను మర్నాటి సీతారామకల్యాణానికి సిద్ధం చేయడం. రెండవది, ఎలకను చేతిమీదికి ఎక్కించుకోవడం.

రెండవ పనికి కొంత పూర్వకథ ఉంది. ఆయనకు నిజానికి కావలసింది చిలుక. బ్యాంకు ఉద్యోగం నుంచి విశ్రాంతి పొందిన నాటి నుంచి ఆయన రోజుకొక పద్యాన్ని తాత్పర్యసహితంగా ఇంట్లో వినిపిస్తూ వచ్చారు. శ్రోత ఒక్కరే, ధర్మపత్ని లలితాంబ. ఆ ఇల్లాలు కొంతకాలంగా పద్యం రెండవ పాదంలో ఉండగానే సరిగ్గా తిరగమోత వేయసాగారు. ఆవాల చిటపటలో సమాసాలు కొట్టుకుపోయేవి. రామనామం పలికే చిలుక ఒకటి తోడుంటే బాగుండునని ఆయన బాగ్‌బజారు వైపు జరిగే ఆదివారపు పక్షుల సంతకు వెళ్లారు. అమ్మేవాడు నాలుగువైపులా చూసి, "టియా బేచా బారణ్, దాదూ" అని గొంతు తగ్గించాడు. చిలకల అమ్మకం నిషేధమట. దానికి బదులు బొటనవేలంత ప్రాణి ఒకదాన్ని గుప్పిట్లో పెట్టి చూపించాడు. బూడిద రంగు ఒళ్లు, వీపు మీద నల్లని గీత, మిరియపు గింజల వంటి కళ్లు. హామ్‌స్టర్ అట, అందులోనూ పొట్టి జాతి. "ఇది మాట్లాడదు దాదూ, కానీ వింటుంది" అన్నాడు వాడు బెంగాలీలో.

ఆ చివరి మాట జానకిరామ్ గారి గుండెల్లో నాటుకుంది. ప్రాణిని ఇంటికి తెచ్చి దానికి 'శ్రోత' అని నామకరణం చేశారు. లలితాంబ మాత్రం దాన్ని ఎలక అనే పిలిచేవారు. పంజరంలో అరచెయ్యి పెట్టి, గింజలు చూపుతూ, కదలకుండా మెల్లగా మాట్లాడుతూ ఉంటే అది మచ్చికవుతుందని అమ్మినవాడు చెప్పాడు. జానకిరామ్ గారు మెల్లగా మాట్లాడడం ఎరుగరు. పద్యాలు చదివారు. శ్రోత ఆయన వేళ్లు నాలుగింటినీ వరుసగా కరిచి, రంపపు పొట్టులో దూరి పడుకుంది.

ఇక తలంబ్రాల సంగతి. ఏటా భద్రాచలం నుంచి ఆ చిన్న పొట్లం ఆయన పేరనే వచ్చేది. తెలుగు సంఘంలో ఆయనకు మిగిలిన గౌరవం అదీ, కల్యాణం నాటి ప్రసంగమూ. ఆ ప్రసంగమే నిరుడు కొంప ముంచింది. ఖిదిర్‌పూర్ రేవు క్వార్టర్ల నుంచి వచ్చే జగ్గమ్మ ప్రతి కల్యాణంలోనూ ఒక పాట పాడేది. అడవిలో ఒక ముసలమ్మ ప్రతి పండునూ కొరికి, తీపి చూసి, ఎంగిలి పళ్లను రాముడికి తినిపించిన పాట. నిరుడు ఆ పాట రెండో చరణంలో ఉండగా జానకిరామ్ గారు లేచి, మైకు అందుకుని, "అమ్మా, ఆపు. మూలంలో ఆమె పళ్లు సమర్పించినట్టే ఉంది, ఎంగిలి చేసినట్టు లేదు" అని సెలవిచ్చారు. జగ్గమ్మ తాళాలు కొంగులో కట్టుకుని వెళ్లిపోయింది. ఆమె వెనుక డప్పులవారు, పందిరి వేసినవారు, పానకం పంచేవారు, ఖిదిర్‌పూర్‌లో స్థిరపడిన శ్రీకాకుళపు జనమంతా వెళ్లిపోయారు. ఆ పూట పానకపు బిందెలు మోసిన సంఘంలోని ఆఫీసర్ల పట్టుపంచెల మీద బెల్లపు మరకలు నేటికీ ఉన్నాయి.

ఈ ఏడు సంఘం కార్యదర్శి శ్యామసుందర్ ఖిదిర్‌పూర్ వెళ్లి బతిమాలగా, పాటను ఎవరూ మధ్యలో ఆపకూడదన్న షరతు మీద వారు వస్తామన్నారు. మళ్లీ అవమానం జరిగితే ఇక ఆ గుమ్మం తొక్కమని కూడా అన్నారు.

"పాడనివ్వండి. పూర్తయ్యాక లేచి నేను రెండు ముక్కలు చెబుతాను" అన్నారు జానకిరామ్ గారు.

"ఆ రెండు ముక్కలతోనే సంఘం రెండు ముక్కలవుతుందండీ" అని శ్యామసుందర్ తల పట్టుకున్నాడు.

బంద్ నాటి ఉదయం పంజరం ముందు పీట వేసుకుని కూర్చున్న జానకిరామ్ గారి చేతిలో ఒక వెండి భరిణె ఉంది. అందులో పొట్లంలోంచి పోసిన పసుపు బియ్యం చిటికెడు, జొన్నగింజల వంటి ముత్యాలు రెండు.

"మడి కట్టుకుని ఎలకతో ముచ్చట్లేమిటండీ?" అన్నారు లలితాంబ వంటింట్లోంచి.

"నేను దాన్ని ముట్టుకోవడం లేదు. అదే వచ్చి ఎక్కితే దోషం దానిది."

ఇన్నాళ్లూ పొద్దుతిరుగుడు గింజలకు లొంగనిది పవిత్రాక్షతలకు లొంగవచ్చునని ఆయనకు తోచింది. పంజరం తలుపు తీసి, భరిణెను దాని గడప దగ్గర పెట్టి, అందులోంచి నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని చేయి చాచారు. పొట్టు కదిలింది. మీసాలు వచ్చాయి. వాటి వెనుక శ్రోత వచ్చింది. చల్లని చిన్న పాదాలు అరచేతిని తాకగానే ఆయనకు ఒళ్లు పులకించి, కళ్లు మూతపడి, నోటివెంట స్రగ్ధరావృత్తం ఒకటి వెలువడింది. అది చాలా పొడుగు వృత్తం. నాలుగు పాదాలూ పూర్తిచేసి కళ్లు తెరిచేసరికి అరచెయ్యి ఖాళీ, భరిణె ఖాళీ. శ్రోత పంజరంలో ఉంది. దాని ముఖం మాత్రం రెండువైపులా ఉబ్బి, ఒంటికన్న పెద్దదై, ఎవరి మీదో అలిగిన దేవేరిలా ఉంది.

తర్కశాస్త్రం చదివినవారు ఇటువంటి వేళ తొందరపడరు. జానకిరామ్ గారు శ్రోత పొట్టను పరిశీలించారు. ఎప్పటిలాగే ఉంది. మింగిన వస్తువు కడుపులోనే ఉండాలి. కడుపు పెరగలేదు. కనుక ఇది మింగలేదు. కనుక తలంబ్రాలు ఎక్కడో ఒలికాయి, ముఖం వేరే కారణాన వాచింది. ఇంత నిర్దుష్టమైన అనుమానాన్ని ఆయన బ్యాంకు ఉద్యోగంలో కూడా ఎన్నడూ చేసి ఎరుగరు.

"లలితా! ముత్యాలు పోయాయి! దీనికి గవదబిళ్లలు వచ్చాయి!"

దంపతులిద్దరూ గచ్చంతా తడిమారు. పీట ఎత్తారు, చాప దులిపారు. దొరకలేదు.

"నా దుద్దుల్లోంచి రెండు ముత్యాలు ఊడదీసి ఇస్తాను. ఎవరికి తెలుస్తుంది?" అన్నారు లలితాంబ.

"దేవుడితో మోసమా!"

"పొద్దుటినుంచి ఎలకకు తలంబ్రాలు పోసినవారు నాకు నీతులు చెప్పకండి."

ముత్యాల మాట ఎలా ఉన్నా కళ్లెదుట ఒక ప్రాణి బాధపడుతోంది. ఎదురింటి బాగ్చీ గారు హోమియోపతి డాక్టరు. జానకిరామ్ గారు ఫోను చేశారు. ఇంత మడి ఆచారాలు చెప్పే మనిషి ఎలకను పెంచుతున్నాడని చెప్పుకోవడానికి సిగ్గు. అబద్ధమాడకూడదన్న వ్రతం మరొకవైపు. సిగ్గునూ వ్రతాన్నీ కలిపి ఆయన సంభాషణ ప్రారంభించారు.

"డాక్టర్ గారూ, మా చిన్నదానికి రెండు బుగ్గలూ వాచాయి."

"మీ ఇంట్లో చిన్నపిల్ల ఉందా? వయసెంత?"

"రెండు నెలలు."

"తల్లి ఎవరు?"

"తల్లి బాగ్‌బజారులోనే ఉండిపోయింది."

"మరి తండ్రి?"

"తెలియదండీ."

డాక్టరుగారు ఆ ప్రశ్నలు కట్టిపెట్టారు. "ఏడుస్తోందా?"

"లేదు, కరుస్తోంది."

"రెండు నెలలకే పళ్లా?"

"పుట్టుకతోనే ఉన్నాయట. ఏం చేస్తాం, మేమే తెచ్చి పెంచుకుంటున్నాం. ప్రాణం కదా."

డాక్టరుగారు కరిగిపోయారు. "ఈ వయసులో మీ దంపతులది ఎంత గొప్ప మనసు!" అని ఫోను పెట్టేశారు. అయిదు నిమిషాల్లో వారి భార్య పంచదార మాత్రల సీసా, ఒక గిలక, లేసు కుట్టిన గులాబీ రంగు గౌను పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"కోథాయ్ గో, ఆమాదేర్ సోనా కోథాయ్?" అంటూ ఆమె బంగారుతల్లి కోసం గదంతా వెతుకుతుంటే జానకిరామ్ గారు పంజరం మీద ఉత్తరీయం విసిరి, "నిద్రపోతోంది" అన్నారు. ఉత్తరీయం కింద కిచకిచమంది. ఆమె కళ్లు తుడుచుకుంది. "పాపం, గొంతు కూడా వాచింది" అని గౌను బల్లమీద పెట్టి, వీధి వీధంతా చెప్పడానికి వెళ్లిపోయింది.

భోజనాల వేళకు శ్యామసుందర్ ఫోను చేశాడు. బాగ్చీ గారే అతనికీ డాక్టరు.

"మీ దత్తపుత్రికకు గవదలట! చాలా విచారంగా ఉందండీ." విచారం మాటల్లో ఉంది, గొంతులో లేదు. "అంటువ్యాధి కదా, రేపు మీరు దయచేసి రావద్దు. ప్రసంగం లేకుండా మేము ఎలాగో ఓర్చుకుంటాం. తలంబ్రాలు మాత్రం పంపించండి. బంద్ కదా, నాకు వీలుపడదు. జగ్గమ్మకు చిన్నప్పుడే గవదలు వచ్చాయట, భయం లేదంది. నడిచి బయలుదేరింది."

జానకిరామ్ గారు ఫోను పెట్టి, పీట మీద కూలబడ్డారు. ప్రసంగం పోయింది. తలంబ్రాలు పోయాయి. అవి పోయాయని మొట్టమొదట తెలియబోయేది జగ్గమ్మకు. ఆమెకు తెలిస్తే ఖిదిర్‌పూర్ అంతటికీ తెలుస్తుంది. ఎంగిలి లేదన్న పెద్దమనిషి దేవుడి ముత్యాలే లేకుండా చేశాడని వారు నవ్వుతూనే వెనక్కి తిరిగిపోతారు. ఏ పద్యమూ నోటికి రాలేదు. ఉత్తరీయం తొలగించి, మరేమీ తోచక, ఖాళీ చెయ్యి పంజరంలో పెట్టి ఊరికే కూర్చున్నారు.

"పంతులుగారూ! ఉన్నారేటి బాబూ?"

గుమ్మంలో జగ్గమ్మ. ఎండన పడి నడిచి వచ్చింది. లలితాంబ మజ్జిగ తెచ్చి ఇచ్చారు. ఒక్క గుక్కలో తాగి, కొంగుతో ముఖం తుడుచుకుని, "పాపకెలాగుంది? పొట్లం ఇప్పించీండి, ఎలిపోతాను" అంది.

"జగ్గమ్మా, ఆ పొట్లం..." అని ఆయన ఆగిపోయారు. చెయ్యి తీద్దామన్నా కదపలేకపోయారు. ఎందుకంటే అరచేతిలో చల్లని చిన్న పాదాలు నాలుగు నిలబడి ఉన్నాయి.

"ఏటది బాబూ? ఎలికా? పాప ఏదీ?"

"ఇదే" అన్నారు లలితాంబ వెనకనుంచి, ఏ వ్రతమూ లేకుండా.

జగ్గమ్మ నోరు తెరిచింది. ఈలోగా శ్రోత వెనక కాళ్ల మీద కూర్చుని, ముందు చేతులతో చెంపలను వెనకనుంచి ముందుకు తోసుకోసాగింది. నోట్లోంచి ఒక పసుపు బియ్యపు గింజ వచ్చింది. మరొకటి. ఆపైన వరసగా చాలా. ఎడమ బుగ్గ చప్పబడి ఒక ముత్యం దొర్లింది. కుడి బుగ్గ చప్పబడి రెండోది. చివరికి మామూలు ముఖంతో అరచేతి మధ్యన ముడుచుకుని, ఆయన బొటనవేలిని కరవకుండా వాసన చూసింది. బుగ్గల్లో సంచులుండే ప్రాణులను సృష్టికర్త సృజించాడనీ, తర్కశాస్త్రంలో వాటి ప్రసక్తి లేదనీ జానకిరామ్ గారికి అప్పుడు తెలిసింది.

"దొరికాయి!" అని అరిచిన ఆయన ముఖం మరుక్షణమే పాలిపోయింది. "ఎంగిలి!"

జగ్గమ్మ ఆయన్ని తేరిపార చూసింది. "ఎంగిలైపోనాయి బాబూ. మరిప్పుడేటి సేత్తారు?"

"ముత్యాలకు శుద్ధి ఉంది. నీళ్లతో కడిగితే చాలునని శాస్త్రం."

"మరి బియ్యానికో?"

"బియ్యానికి..." ఆయన మనసులో శాస్త్రాలన్నీ తిరగేశారు. "లేదు."

"భద్రాచలం బియ్యం. మరింక దొరకవు గాబోలు?"

"దొరకవు."

జగ్గమ్మ నింపాదిగా గడప మీద కూర్చుంది. ఆమెకేమీ తొందర ఉన్నట్టు లేదు. జానకిరామ్ గారు దేవుడి గది వైపు చూశారు, లలితాంబ వైపు చూశారు, అరచేతిలోని శ్రోత వైపు చూశారు. ముగ్గురిలో ఎవరూ ఆయన్ని ఆదుకోలేదు. చివరికి ఆయన గొంతు సవరించుకున్నారు. ఈసారి గొంతు మెల్లగానే వచ్చింది.

"జగ్గమ్మగారూ, ఎరగని ప్రాణి ప్రేమతో నోట పెట్టుకున్నది స్వామికి ఎంగిలి కాదు. అడవిలో ఆ ముసలమ్మ..."

"ఏ ముసలమ్మ బాబూ?"

"మీ పాటలో ముసలమ్మే."

"మూలంలో నేదన్నారు కాదేటి?"

"మూలంలో లేదు."

"మరెక్కడున్నాది?"

ఆయన తల వంచుకున్నారు. "బుగ్గలో ఉంది."

జగ్గమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం అదురుతున్నాయి. ఆ ఎంగిలి బియ్యాన్నీ ముత్యాలనూ భరిణెలో పోయించుకుని, కళ్లకద్దుకుని, కొంగున కట్టుకుంది. వెళుతూ వెళుతూ, "రేపు మీరు రావాల బాబూ. పాపకి వాపు దిగిపోనాదని నేను సెప్తాను" అంది. అదీ సత్యమే.

మర్నాడు బస్సులు నడిచాయి. కల్యాణానికి ఖిదిర్‌పూర్ జనం డప్పులతో వచ్చారు. తలంబ్రాల వేళ పసుపు బియ్యంలో రెండు ముత్యాలు మెరిసి స్వామి తలమీద నుంచి దొర్లాయి. పిమ్మట జగ్గమ్మ తాళాలు అందుకుంది. ఎంగిలి చరణం వచ్చేసరికి సభంతా జానకిరామ్ గారి వైపు తిరిగింది. శ్యామసుందర్ మైకును ఒడిలో పెట్టుకుని పైన తువ్వాలు కప్పాడు. జగ్గమ్మ ఆయన వైపే చూస్తూ ఆ చరణాన్ని మూడుసార్లు పాడింది. మూడుసార్లూ ఆయన తలదించుకుని తొడమీద తాళం వేశారు.

కల్యాణం ముగిశాక, పానకపు గ్లాసు అందిస్తూ శ్యామసుందర్ ఉండబట్టలేక అడిగాడు: "నిరుడు ప్రమాణం లేదన్నారు కదండీ. ఎక్కడైనా దొరికిందా?"

"దొరికింది నాయనా. ప్రత్యక్ష ప్రమాణం" అన్నారు జానకిరామ్ గారు.

ఆ ప్రమాణం అప్పటికి భవానీపూర్ ఇంట్లో, లేసు కుట్టిన గులాబీ రంగు గౌను కింద, రెండు బుగ్గలూ ఖాళీగా పెట్టుకుని నిద్రపోతోంది.