పెళ్లికారుకు మసి

ఆ ఉదయం ధనమ్మ అనుకున్నది చాలా చిన్న పని. ఎండెక్కకముందే చేవెళ్లలో కారెక్కాలి, మొయినాబాద్ చర్చిలో కొడుకు సాలోమోను పెళ్లి చేయాలి, పొద్దుగూకేసరికి కోడలితో ఇల్లు చేరాలి. పెళ్లికొడుకు కళ్లు తెరిచేదాకా అందులో లోపమేమీ కనబడలేదు. తెరిచాక చూస్తే రెండూ పండు మిరపకాయల్లా ఉన్నాయి.

"కండ్లకలకనే అవ్వా. మామకు చెప్తే అయిపాయె," అన్నాడు సాలోమోను. బీఏ పాసైన నాటి నుంచి అతనికి నిజం చెప్పడమంటే మహా ఇష్టం.

"చెప్పు చెప్పు! నీ మామ సంఘ పెద్ద. కల్లు వాసనొస్తెనే ఒక సంబంధం తిప్పికొట్టిన మనిషి. ఈ కండ్లు చూస్తే రాత్రంత తాగినవంటడు. చర్చిల తల వంచుకొని నిలబడు, సిగ్గనుకుంటరు. అందాక ఎవ్వరికి కనబడకు."

కిరాయి అంబాసిడర్ వాకిట్లో ఉంది. డ్రైవర్ సత్తయ్య చాయ్ తాగి వచ్చేలోపు ధనమ్మ కుండ మసిని ఆముదంలో కలిపి వెనుక అద్దాలన్నిటికీ పూసేసింది. అంతటితో ఆగితే బాగుండేది. ముందు లైట్ల పైసగానికి నల్లరంగు కనబడింది. పెళ్లిబండికి నలుపేమిటని కిరసనాయిలు గుడ్డతో రుద్ది తళతళలాడించింది.

సత్తయ్య నెత్తి కొట్టుకున్నాడు. "అవ్వా, లైట్ల మీది నలుపు సర్కారు రూలు! ఎదురొచ్చేటోని కండ్లు జిగేలనొద్దని."

"పట్టపగలు నీకు లైట్లెందుకురా? నడువు."

మొయినాబాద్ చౌరస్తాలో విద్యార్థులు "జై తెలంగాణ" అంటూ రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు. ఆ ఏడాది అది వింతేమీ కాదు. పెళ్లిబండి అంటే లేచి దారి ఇచ్చేవారు. కానీ ఈ బండి అద్దాలు నల్లగా ఉన్నాయి.

"అండ్ల మంత్రి దాక్కున్నడు!" అని ఒకడు కేక వేశాడు.

"మంత్రి గాదు నాయినా, నా కొడుకు," అంది ధనమ్మ.

"మంత్రి తల్లి గూడ ఉన్నదిరో!"

గుంపును చూసి ఎస్సై వచ్చాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఏందయ్యా ఇది? నల్లగుండాల్సిన లైట్లు తెల్లగున్నయ్, తెల్లగుండాల్సిన అద్దాలు నల్లగున్నయ్. రెండూ తప్పే. సరిజేసేదాక బండి కదలదు."

ధనమ్మ కారు దిగింది. పాత గుడ్డతో అద్దాల మీది మసిని తుడిచి, అదే మసిని తెచ్చి లైట్ల పైసగానికి పూసింది. అద్దం తుడిచిన కొద్దీ కొడుకు బయటపడసాగాడు. ఎస్సై తల లోపలికి పెట్టి, బొటనవేలితో అతని కనురెప్ప పైకెత్తి చూశాడు.

"ఎంత తాగినవ్‌రా?"

పెళ్లికొడుకు ఇంకా రాలేదేమని వెతుక్కుంటూ వచ్చిన మామ బీరయ్యకు మొదట వినబడింది ఆ మాటే. తర్వాత ఆ కళ్లు కనబడ్డాయి.

"ధనమ్మా, ఈ పెండ్లి..." అని మొదలుపెట్టాడు.

"తాగుడు గాదు, టియర్ గ్యాస్!" అని విద్యార్థి నాయకుడు మధ్యలో అందుకున్నాడు. "మొన్న పట్నంల మనోళ్ల మీద కొట్టిండ్రు గద! ఆ కండ్లు చూడుండ్రి!"

"నాకు కండ్లకలక," అన్నాడు సాలోమోను.

"పోలీసోళ్లున్నరని దాస్తున్నడు!"

"నిజంగనే కండ్ల..."

మిగతా మాట జేజేలలో కలిసిపోయింది. అతన్ని భుజాల మీదికి ఎత్తేశారు. చేయి కలపనివాడు పాపం చేసినవాడన్నట్టు అందరూ ఎగబడ్డారు. ఎస్సై గుంపును లెక్కగట్టుకుని, ఆ బొటనవేలితోనే కన్ను నలుపుకుంటూ పక్కకు తప్పుకున్నాడు.

"ఈ పెండ్లి బ్యాండుతోని జరగాలె!" అని బీరయ్య తన మాట ముగించాడు. కండువాతో అల్లుడి కళ్లు తుడిచాడు. ఆనందంతో నీళ్లు నిండిన తన కళ్లనూ అదే కండువాతో తుడుచుకున్నాడు.

ఆదివారం నాటికి సాలోమోను కళ్లు తేటపడ్డాయి. చర్చి గుమ్మంలో నిలబడి, "కండ్లకలకయ్యా, కల్లు గాదు, ప్రభువు సాక్షి!" అని వచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నది ఈసారి బీరయ్య. విని, నమ్మినట్టు తలూపినవాడు అల్లుడొక్కడే.

ఎస్సై మాత్రం ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోలేదు. నల్ల కళ్లజోడు పెట్టుకుని, చౌరస్తాలో నల్లద్దాల బండ్లను ఆపుతూనే ఉన్నాడు.