తొలగించవలసినవి

సోమవారం పొద్దున స్కూలు లైబ్రేరియన్ గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పనికిరాని పాత పుస్తకాల జాబితా స్టాఫ్‌రూమ్ గోడకు అంటించాలి. అది చూసి ఒక్క టీచరైనా "అయ్యో, దాన్ని తీసేయకండి" అంటూ లైబ్రరీ గడప తొక్కాలి. అంతే. కిందటి నెల ఆమె ఒక శిక్షణకు వెళ్ళివచ్చింది. లైబ్రేరియనంటే తాళంచెవుల మనిషి కాదనీ, చదువునే మార్చగల నాయకురాలనీ అక్కడ చెప్పారు. ఆ మాట ఆమెకు బాగా తలకెక్కింది. ప్రతి తరగతికీ లైబ్రరీ పీరియడ్ కావాలని అడిగితే ప్రిన్సిపాల్ గారు, "ముందు టీచర్లను రప్పించండి. శుక్రవారం దాకా చూస్తాను. ఎవరూ రాకపోతే ఆ గదిలో విరిగిన బెంచీలు వేయిస్తాను, మీరు ఆఫీసులో హాజరుపట్టీలు చూసుకుందురుగాని" అన్నారు.

జాబితా రాసిపెట్టింది ఆమె భర్త. దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది, కాగితం దగ్గర మాత్రం మహా పొదుపరి. పైన "తొలగించవలసిన పుస్తకాలు" అని రాయమంటే "తొలగించవలసినవి" అని ఊరుకున్నాడు.

"లైబ్రరీవాళ్ళు పుస్తకాలు కాక మనుషుల్ని తీసేస్తారా ఏమిటే?" అన్నాడు. ఆమెకూ సబబే అనిపించింది.

స్టాఫ్‌రూమ్‌లో అందరూ చదివారు. లెక్కలు: వెన్ను విరిగింది, అతికినా నిలవదు. చరిత్ర: కాలం చెల్లింది. వ్యాకరణం: చెదలు పట్టింది. పరిపాలన: అట్ట గట్టిదే, లోపల ఏమీ లేదు.

"'వారు' అని కూడా అనలేదు, 'వి' అన్నారు. అంటే మనల్ని మనుషుల్లోనే జమకట్టలేదు" అని వ్యాకరణం మాస్టారు విడమరిచి చెప్పాక, ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది.

మొదటి విరామానికే లెక్కల మాస్టారు లైబ్రరీకి వచ్చారు. కిందటి నెల మెట్ల మీద జారిపడి నడుముకు పట్టీ కట్టుకున్న మనిషి. నిటారుగా నిలబడి, "వెన్ను ఇప్పుడు బాగానే ఉందండీ" అన్నారు. సాయానికి వచ్చారనుకుని లైబ్రేరియన్ గారు అట్లాసుల కట్ట ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన నడుం వంచకుండా మోశారు.

వెనకాలే చరిత్ర టీచరమ్మ. "ఇరవై ఏళ్ళుగా ఇక్కడే పడున్నదాన్ని, ఇప్పుడు తీసేస్తారా?" అంది గొంతు తగ్గించి.

"తీసేసి తూకానికి వేసేస్తామండీ. కొత్తది గురువారానికి వచ్చేస్తుంది."

టీచరమ్మ కుర్చీలో కూలబడింది. "పోనీ, మధ్యాహ్నం నా తరగతిని ఇక్కడికే తీసుకొస్తాను. నేనెలా చెప్తానో చూశాక మాట్లాడండి."

"రండి రండి, అంతకంటేనా."

బుధవారానికి తరగతులు వరస కట్టాయి. టీచర్లు పాఠాల కాగితాలు తెచ్చి, మార్పులుంటే చెప్పమని ఆమె బల్ల మీద పెడుతున్నారు. ఆమె చెప్పింది. ఈ పాఠానికి ఆ పుస్తకం, ఆ లెక్కకు ఈ బొమ్మలు. పిల్లలు నేల మీద బాసింపట్టు వేసుకుని చదివారు. వ్యాకరణం మాస్టారు ఒక కథ చదివి వినిపిస్తూ, పిల్లలకంటే ముందు తనే నవ్వేశారు. లైబ్రేరియన్ గారికి కడుపు నిండిపోయింది.

శుక్రవారం ప్రిన్సిపాల్ గారు వచ్చి తలుపు దగ్గరగా వేశారు. "ఈ జాబితా పైనుంచి వచ్చిందా?"

"అవునండీ, అన్నీ పైనుంచే" అంటూ ఆమె పై అరకేసి వేలు చూపింది. ఆయనకు ఆ వేలు ఇంకా చాలా పైకి చూపుతున్నట్టు కనిపించింది.

"ప్రతి తరగతికీ పీరియడ్ వేసేశాను. ఇకనుంచి సమావేశాల్లో మీరు నా పక్కన కూర్చోండి. నా విషయం మాత్రం కాస్త ఆలోచించండి."

"మీ విషయమేమిటండీ?"

"అదే, పరిపాలన. లోపల ఏమీ లేదన్నారుగా."

ఆమె పై అరలోంచి లావుపాటి అట్ట ఒకటి దించింది. మీద "పరిపాలన" అని బంగారు రంగు అక్షరాలు. తెరిస్తే ఒక్క పేజీ లేదు. జాబితా పుస్తకాలదేనని ఆయనకూ, అందరూ దాన్ని తమ గురించే అనుకున్నారని ఆమెకూ అప్పుడు అర్థమైంది.

వారమంతా అందరూ వచ్చింది పుస్తకాల మీద ప్రేమతో కాదని తెలిసి ఆమె ప్రాణం ఉసూరుమంది.

"వాళ్ళకు చెప్పకపోతేనేం?" అన్నారు ప్రిన్సిపాల్ గారు మెల్లగా.

"తప్పండీ. భయపెట్టి రప్పిస్తే అది లైబ్రరీ ఎలా అవుతుంది?" అని ఆమె తిన్నగా స్టాఫ్‌రూమ్‌కు వెళ్ళి, కాగితం మీద "పుస్తకాలు" అని చేర్చి, అందరికీ క్షమాపణ చెప్పుకుంది. లెక్కల మాస్టారు నడుం పట్టుకుని మరీ నవ్వారు. ఇక సోమవారం నుంచి హాజరుపట్టీలే గతి అనుకుంటూ ఆమె ఇల్లు చేరింది.

సోమవారం గంట కొట్టకముందే టీచర్లందరూ తరగతులతో సహా లైబ్రరీ ముందు నిలబడి ఉన్నారు, ఎందుకైనా మంచిదని.